పదహారేళ్లకే లైసెన్స్ ఇస్తారంట, నిజమేనా?

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఫస్టియర్, పోయిన నెలే 16 నిండినయ్. కాలేజీ 6 కిలోమీటర్లు, బస్సు టైముకి రాదు. మా ఆయన దుబాయ్‌లో ఉంటరు, ఆయన పేరు మీదున్న స్కూటీ ఇంట్లో ఖాళీగానే ఉంది. 16కే గేర్ లేని బండికి లైసెన్స్ ఇస్తరని పక్కింటోళ్లు అంటున్నరు. బాబుకి ఇవ్వొచ్చా? - ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, పక్కింటోళ్లు సగమే చెప్పారు. 16కి లైసెన్స్ ఉన్నమాట నిజమే కానీ అది ఇంజిన్ 50 సీసీ దాటని గేర్ లేని బండికి మాత్రమే. ఒకసారి మీ స్కూటీ ఆర్‌సీ తీసి క్యూబిక్ కెపాసిటీ అన్నచోట చూడండి, 109 అనో 124 అనో ఉంటుంది, ఇప్పుడు రోడ్డు మీద తిరిగే స్కూటీలు దాదాపు అన్నీ అంతే. అంటే గేర్ లేకపోయినా సరే, దానికి 18 నిండాల్సిందే.

ఇక అసలు భయపడాల్సిన సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 199ఎ అని ఒక సెక్షన్ చేర్చారు, మైనర్ బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో బండి ఓనర్‌కో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, పైగా బాబుకి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సే ఇవ్వరు. మీకు తెలిసే ఇచ్చారని కోర్టు ముందే అనుకుంటుంది, తెలియదని నిరూపించుకోవాల్సింది మీరే, తాళాలు మీ చేతులతో ఇచ్చాక అది ఎట్లా నిరూపిస్తారు చెప్పండి? బండి మీ ఆయన పేరు మీదుంది కాబట్టి దుబాయ్‌లో ఉన్న మనిషి కూడా ఇందులో ఇరుక్కుంటారు. ఎవరికన్నా దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ వాళ్లు వాళ్లకి డబ్బు కట్టినా, లైసెన్స్ లేని పిల్లాడు నడిపాడని ఆ డబ్బంతా మళ్లీ ఓనర్ దగ్గరే వసూలు చేసుకోవచ్చు, అది లక్షల్లో ఉంటుందమ్మా. దయచేసి ఇవ్వకండి, ఆ తాళాలు బయట మేకుకి వేలాడదీయకుండా బీరువాలో పెట్టండి.

బస్సు ఇబ్బంది నాకు అర్థమైంది. 250 వాట్ల కంటే తక్కువ మోటారుతో, గంటకి 25 కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ బళ్లకి లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కొనేముందు షోరూం వాళ్ల నోటిమాట నమ్మకుండా ఆ రెండు అంకెలూ కాగితం మీద చూపించమనండి, హెల్మెట్ కూడా అదే రోజు కొనండి.