ఊగే ప్లేట్ మీద నిలబడితే ఒళ్లు గట్టిపడుతుందా?

ప్రశ్న: నా వయసు 38. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. రెండు కాన్పులూ సిజేరియన్లే, చిన్నవాడికి ఆరేళ్లు. పొట్ట జారింది, తొడలు, జబ్బలు వదులైపోయాయి. విశాఖలో ఉండే మా వదిన వైబ్రేషన్ ప్లేట్ కొనుక్కుంది. దాని మీద పావుగంట నిలబడితే గంట ఎక్సర్‌సైజ్ చేసినంత ఫలితమట. నేనూ ఆన్‌లైన్‌లో 9 వేలు పెట్టి తెప్పించుకున్నాను. ఎక్కిన కాసేపటికే తొడల్లో వేడి, ఒకటే దురద. కొవ్వు కరుగుతున్న గుర్తని వదిన అంటోంది. నిజమేనా? మా అత్తగారు కూడా ఎక్కుతానంటున్నారు. ఆవిడకు 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, పన్నెండేళ్లుగా షుగర్. మా పుట్టిల్లు సోంపేట దగ్గర. అన్నయ్యకు కిడ్నీ జబ్బు ఉంది. నాకూ వస్తుందేమోనని భయం.
– ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: దురద సంగతి ముందు తేల్చేద్దామమ్మా. ప్లేట్ ఊపుకి తొడల్లో, పిక్కల్లో చర్మం కింద ఉండే సన్నటి రక్తనాళాలు విప్పారతాయి. రక్తం జోరుగా పారి చర్మం ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, దురద పెడుతుంది. దిగి కాసేపు కూర్చుంటే అదే పోతుంది. అలవాటైన కొద్దీ చాలామందికి రావడం మానేస్తుంది కూడా. కొవ్వు తరిగేటప్పుడు మనకు ఏమీ తెలియదు. దురదా ఉండదు, మంటా ఉండదు. పైగా అది ఎక్కడ తరగాలో మనం చెబితే వినే రకం కాదు. తొడను ఊపితే తొడలో కొవ్వు, పొట్టకు బెల్టు కట్టి ఊపితే పొట్టలో కొవ్వు పోతుందన్నది వెనకటి స్లిమ్మింగ్ సెంటర్ల బెల్టు మెషిన్ల నాటి మాట. అప్పుడూ పోలేదు, ఇప్పుడూ పోదు.

ఇక పావుగంటకు గంట ఫలితం. లెక్క వేసి చూద్దాం. మీ బరువున్న మనిషి పావుగంట ఊరికే నిలబడితేనే 20 కేలరీల పైచిలుకు ఖర్చవుతాయి. ఊగే ప్లేట్ మీద నిలబడితే 40 చుట్టుపక్కల అవ్వొచ్చు. అంటే ఒక ఇడ్లీ. ఒంట్లో కిలో కొవ్వు తగ్గాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చవ్వాలి. తిండి మార్చకుండా దీన్నే నమ్ముకుంటే కిలో తగ్గడానికి ఆరు నెలలు దాటుతుంది. అదే మీరు పెద్దచెరువు గట్టు మీదో, అయోధ్య మైదానంలోనో అరగంట చురుగ్గా నడిస్తే దాదాపు 140 కేలరీలు. గంట నడకను పావుగంటలో తెచ్చిచ్చే మెషిన్ ఇంకా రాలేదు.

మరి ఈ ప్రచారం ఎక్కడ పుట్టింది? పూర్తిగా గాలికబురు కాదు, అదే చిక్కు. 2017లో అమెరికాలోని జార్జియాలో ఒక పరిశోధన జరిగింది. 12 వారాలు రోజూ వైబ్రేషన్ ఇచ్చిన ఎలుకల్లో, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించిన ఎలుకల్లో కొన్ని మార్పులు ఇంచుమించు ఒకేలా కనిపించాయి. ‘వ్యాయామంతో సమానం’ అని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. ఎలుకలు అన్న మాట మాత్రం ప్రకటనల్లో ఎక్కడా కనిపించదు. అంతకుముందు, 2010లో, బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో 79 మంది లావైన మనుషుల మీద చేసిన పరిశీలన ఒకటుంది. ప్లేట్ వాడినవాళ్లకు పొట్ట లోపలి కొవ్వు బాగానే తగ్గింది. కానీ వాళ్లు డైట్ కూడా పాటించారు, ప్లేట్ మీద గుంజీలు, పుషప్‌ల వంటివి చేశారు. పైగా అది ప్రాథమిక నివేదిక అని రాసినవాళ్లే చెప్పుకున్నారు. ప్రకటనలో ఆ డైటూ లేదు, గుంజీలూ లేవు. టీ తాగుతూ ఫోన్ చూసుకుంటున్న అమ్మాయి బొమ్మ ఒక్కటే ఉంటుంది.

ఎముకలు గట్టిపడతాయని, నాసా వాళ్లు వాడారని కూడా రాస్తుంటారు. 2011లో వెలువడిన టొరంటో పరిశోధనలో, నెలసరి ఆగిన 202 మంది మహిళలను తీసుకుని కొందరిని ఏడాది పాటు రోజూ 20 నిమిషాలు సన్నటి వైబ్రేషన్ ఉండే ప్లేట్ మీద నిలబెట్టారు. నిలబడనివాళ్లతో పోలిస్తే ఎముక సాంద్రతలో తేడా రాలేదు.

అసలేమీ పనికిరాదా అంటే అలా అనను. మోకాలి చిప్ప కింద డాక్టరు చిన్న సుత్తితో తడితే కాలు దానంతటదే ఎగరడం చూసే ఉంటారు. కండరాన్ని ఉన్నట్టుండి సాగదీస్తే అది వెంటనే బిగుసుకుంటుంది. ప్లేట్ చేసే పనీ ఇదే, సెకనుకు చాలాసార్లు. మంచం పట్టి లేచినవాళ్లు, వయసు మీద పడి మామూలు వ్యాయామం చేయలేనివాళ్లు ఉంటారు. ఫిజియోథెరపిస్టు దగ్గరుండి చేయిస్తే అలాంటివాళ్ల కాళ్లలో బలం కొంత పెరుగుతుంది. ఆసుపత్రి మెషిన్లలో సెకనుకు ఎన్నిసార్లు ఊగాలో, ఎన్ని మిల్లీమీటర్లు ఊగాలో సెట్ చేస్తారు. ఇంటికొచ్చేవాటిలో చాలావాటికి 1 నుంచి 99 దాకా నంబర్లుంటాయి. అవి ఆ కంపెనీ పెట్టుకున్న స్పీడ్ అంకెలు, అంతే. మీ 50, మీ వదినగారి 50 ఒకటే కావాలని లేదు.

మీరు కోరుకుంటున్నది టోనింగ్. ఒళ్లు బిగువుగా కనిపించాలంటే రెండు జరగాలి. పైన ఉన్న కొవ్వు పొర తగ్గాలి, కింద కండ పెరగాలి. కండ పెరగాలంటే దానికి అలవాటు లేనంత బరువు దాని మీద పడాలి, వారం వారం ఆ బరువు కాస్త పెరగాలి. మీ ఒంటి బరువుకు మీ కాళ్లు ఏనాడో అలవాటు పడిపోయాయి కాబట్టి ఊరికే నిలబడటం వాటికి ఓ లెక్క కాదు. ‘బరువులెత్తితే మగరాయుడిలా అయిపోతానేమో’ అని మీ ఈడు వాళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. అలా కండలు ఉబ్బడానికి కావలసిన మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ ఆడవాళ్ల ఒంట్లో చాలా తక్కువ. మీ ఊరికి కూతవేటు దూరంలో, నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో ఇంటింటా వెయిట్‌లిఫ్టింగ్ ఆడపిల్లలే. ఓసారి వెళ్లి చూసి రండి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస. బరువులెత్తే ఆడవాళ్లు మనకు కొత్తేమీ కాదు.

మీకు బార్‌బెల్ అక్కర్లేదు. చేతుల్లేని కుర్చీ ముందు నిలబడి, నెమ్మదిగా కూర్చోబోయి, సీటు తగలగానే లేవండి. పది సార్లు, కాస్త ఆగి మళ్లీ పది, ఇంకో పది. అది సులువైపోయాక రెండు చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు పట్టుకోండి. తర్వాత ఐదు కిలోల బియ్యం సంచి గుండెలకు ఆనించుకోండి. జబ్బలకు గోడ పుషప్‌లు, నెల తర్వాత గోడకు బదులు వంటింటి గట్టు. పిరుదులకు, నడుముకు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం. వారంలో రెండు మూడు రోజులు చాలు, మిగతా రోజులు నడక. వారానికి మొత్తం 150 నిమిషాల నడక, రెండు రోజులు కండరాల వ్యాయామం అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క.

పొట్ట విషయంలో మాత్రం ఒకటి చూసుకోండి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం పైకెత్తండి. బొడ్డు పైనా కిందా నిట్టనిలువుగా వేళ్లతో నొక్కి చూడండి. మధ్యలో రెండు వేళ్ల కన్నా వెడల్పుగా మెత్తటి సందు తగిలినా, అక్కడ గుట్టలా ఉబ్బినా కాన్పుల వల్ల పొట్ట కండరాలు ఎడంగా జరిగాయని అర్థం. అప్పుడు యూట్యూబ్ చూసి సిటప్‌లు చేయొద్దు, ఇంకా ఉబ్బుతుంది. ఫిజియోథెరపిస్టు చూసి వేరే వ్యాయామాలు నేర్పుతారు. కోత దగ్గర హెర్నియా (లోపలి పేగు బయటికి పొడుచుకు రావడం) ఉందేమో సర్జన్‌కి చూపించుకోండి. అది తేలేదాకా ప్లేట్ ఎక్కకండి.

మెషిన్ రిటర్న్ గడువు ఉంటే పంపేయండి. ఆ డబ్బుతో మంచి వాకింగ్ షూలు, ఓ జత డంబెల్స్ వచ్చి, ఇంకా మిగులుతుంది. గడువు దాటిపోతే పారేయనక్కర్లేదు. మోకాళ్లు కొంచెం వంచి, తక్కువ స్పీడ్‌లో పెట్టి, పైన చెప్పిన కుర్చీ గుంజీలనే దాని మీద అరనిమిషం చొప్పున చేయండి. మొత్తం పది నిమిషాలు మించొద్దు. కాళ్లు కర్రల్లా బిగబట్టి నిలబడితే ఊపు నేరుగా నడుముకు, మెడకు, తలకు ఎక్కుతుంది. ట్రాక్టర్, లారీ డ్రైవర్లకు ఏళ్ల తరబడి ఆ ఊపు వల్లే నడుము నొప్పులొస్తాయి. తల తిరిగినా, చూపు మసకబారినా, నడుం పట్టినా అక్కడితో ఆపేయండి.

మీ అత్తగారిని ఎక్కనివ్వకండి. ఎంత ముచ్చటపడినా సరే. పన్నెండేళ్ల షుగర్ అంటే కంటి రెటీనా ఎలా ఉందో, పాదాల్లో స్పర్శ ఎంత మిగిలిందో పరీక్ష చేయకుండా చెప్పలేం. రెటీనా నాళాలు బలహీనంగా ఉంటే ఈ ఊపు మంచిది కాదు. స్పర్శ తగ్గిన పాదాలతో పట్టుకోవడానికి కడ్డీ లేని ప్లేట్ మీద నిలబడితే పడిపోయే ప్రమాదం. ఆ వయసులో తుంటి విరిగితే ఆ కష్టం ఇల్లంతటిదీ. ఆవిడకు కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు తిన్నగా చాపి ఐదు సెకన్లు బిగబట్టే వ్యాయామం చెప్పండి. మోకాళ్లకు అది చాలా మంచిది. ఓసారి పరీక్ష కూడా పెట్టండి: చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి అరనిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. ఆవిడ వయసులో 11 కన్నా తగ్గితే కాళ్ల బలం తగ్గినట్టు, పడిపోయే అవకాశం ఎక్కువున్నట్టు. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లు, డిస్క్ జారినవాళ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, మూర్ఛ, పిత్తాశయంలోనో కిడ్నీలోనో రాళ్లు ఉన్నవాళ్లు కూడా దూరంగా ఉండాలి. మీ పెట్టెలో వచ్చిన పుస్తకం చివర్లో సన్నక్షరాల్లో ఇదంతా ఉండే ఉంటుంది, ఓసారి తీసి చూడండి.

చివరికి మీ పుట్టింటి సంగతి. ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో ఎంతోమందికి వస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అన్నయ్యకు ఉంది కాబట్టి మీకూ ఉందని అనుకోవద్దు, అలాగని పరీక్ష మానొద్దు. వ్యాయామం మొదలుపెట్టిన కొత్తలో ఒళ్లు నొప్పులు తప్పవు. అప్పుడు మందుల షాపుకు వెళ్లి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర అడగడం మనవాళ్లకు అలవాటు. అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. మీరు వాటి జోలికి వెళ్లొద్దు. రెండు రోజులు ఓర్చుకుంటే ఆ నొప్పులే పోతాయి, మరీ ఇబ్బందైతే వేడినీళ్ల కాపడం చాలు. జిమ్ వాళ్లు అంటగట్టే ప్రొటీన్ పొడులు కూడా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా వద్దు. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అంటుంది. ఒక గుడ్డు, పప్పు, పెసలు, పెరుగు, చేప ఉన్న ఇంట్లో అది కష్టం కాదు. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ అందులో ప్రొటీన్ తక్కువ. అంబలితో పాటు గుడ్డో, ఉలవచారో ఉండేలా చూసుకోండి.

మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 30కి దగ్గరగా ఉంది. మనవాళ్లకు 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. కాబట్టి ఈ వారమే ప్రభుత్వ ఆసుపత్రిలోనో, దగ్గర్లోని ల్యాబ్‌లోనో సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించి, బీపీ చూపించుకోండి. టేపుతో బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత కూడా రాసుకోండి, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు మించకూడదు. ఆ రిపోర్టులు పట్టుకుని ఫిజిషియన్‌ దగ్గరికి వెళ్లినప్పుడు అన్నయ్య కిడ్నీ జబ్బు సంగతి, పుట్టిల్లు సోంపేట అన్న సంగతి మీరే ముందుగా చెప్పండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి.