ట్యాంకు కొన్నరు సరే, చేపలెందుకు నిలుస్తలేవు?

ఎండాకాలం సెలవులొచ్చినయంటే పిల్లలు అక్వేరియం కొనియ్యమని లొల్లి షురూ చేస్తరు, కొన్న వారానికి మనకు ఉత్తరాలు షురూ అయితయి. ఈసారి వచ్చినయన్నీ చేపల గోసే. మొదటి ప్రశ్నకు జర పొడుగు జవాబు రాసిన, అది చదివితే మిగతా వాటికి సగం జవాబు దాంట్లనే దొరుకుతది.

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ. బాబు పుట్టినరోజుకని రెండడుగుల ట్యాంకు, ఫిల్టరు, రంగురాళ్లు, పది చేపలు అన్నీ ఒక్కపారే తెచ్చినం. నాలుగు గోల్డ్ ఫిష్, నాలుగు మాలీలు, రెండు ఏంజెల్స్. షాపాయన నీలం మందు, పసుపు మందు ఇచ్చి రోజూ నాలుగు చుక్కలు వెయ్యమన్నడు. మూడో రోజుకే నీళ్లు తెల్లగ మసక మసకగ అయినయి, మొత్తం పారబోసి రాళ్లు, ఫిల్టరు స్పాంజి అన్నీ సబ్బు పెట్టి నల్లా కింద కడిగి మళ్ల నింపినం. వారంల ఆరు చచ్చిపోయినయి, బాబు ఏడుపు ఆపుతలేడు. ఇంకో ఆరు తెచ్చి వెయ్యాల్నా?

జవాబు: వద్దక్కా, ఇప్పుడైతే ఒక్కటి కూడా తేకుండ్రి. తెస్తే అవి కూడా పోతయి. మీ దగ్గర చేపలకు రోగం వచ్చినట్టు లేదు, నీళ్లే ఇంకా తయారుకాలేదు.

చేప తిన్న దాంట్ల కొంత భాగం మొప్పల నుంచి, రెట్ట నుంచి అమ్మోనియా అయి బయటికొస్తది, తినకుండ మిగిలిన దాణా మురిగినా అదే వస్తది. చెరువుల అయితే ఎన్ని లక్షల లీటర్ల నీళ్లు, ఎంత బురద, ఎంత నాచు, దాని జాడ కూడా తెల్వది. మీ రెండడుగుల ట్యాంకు అంచుల దాకా నింపినా 55 లీటర్లు దాటదు, దాంట్ల పది చేపలు పొద్దుమాపు తింటున్నయి, ఆ విషం ఎటు పోవాలె? దాన్ని తినే బ్యాక్టీరియా ఉంటది. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్ చేస్తది, అది కూడా విషమే, చేప రక్తాన్ని గోధుమరంగుకు తిప్పి ఆక్సిజన్ మొయ్యకుండ చేస్తది, అందుకే గాలి పంపు బుడబుడా నడుస్తున్నా చేప పైకొచ్చి నోరు తెరుస్తది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తది, దాంతోని అంత భయం లేదు, వారం వారం కొంచెం నీళ్లు మారిస్తే పోతది. ఈ బ్యాక్టీరియా నీళ్లల్ల తిరగదు, స్పాంజిని, రాళ్లను పట్టుకొని ఉంటది, సరిపోయేటంత పెరగాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడతది. షాపుల ఈ ముచ్చట ఎవ్వరూ చెప్పరు, చెప్తే ఆ రోజు పది చేపలు అమ్ముడుపోవు కదా.

ఇగ మీరు చేసింది చూడుండ్రి. ఆ తెల్ల మసక కొత్త ట్యాంకుల్ల అందరికీ వస్తది, అది కూడా ఒక రకం బ్యాక్టీరియానే, ఉంచితే కొన్ని రోజులల్ల దానంతట అదే తేటబడతది. మీరు పారబోసిన్రు. స్పాంజిల అప్పుడప్పుడే నిలబడుతున్న ఆ కొంచెం బ్యాక్టీరియాను నల్లా నీళ్లల్ల క్లోరిన్ కొంత, సబ్బు కొంత కలిసి కడిగేసినయి. మిగిలిందాన్ని నీలం మందు చూసుకున్నది. నీలం మందంటే మిథిలిన్ బ్లూ, ఫంగస్ వచ్చిన చేపను వేరే డబ్బాల పెట్టి వాడేది, దాన్ని నడిచే ఫిల్టరున్న ట్యాంకుల రోజూ పోస్తే పనికొచ్చే బ్యాక్టీరియా దెబ్బతింటది. రోగం లేంది మందు ఎందుకు? ఆ రెండు సీసాలు పక్కన పెట్టుండ్రి. సబ్బు అనేది ట్యాంకు దగ్గరికి కూడా రావద్దు.

ఇప్పుడున్న నాలుగింటిని కాపాడుకోవాలంటే దాణా రోజు విడిచి రోజు, చిటికెడు, రెండు నిమిషాలల్ల తినేటంత. రోజూ నాలుగో వంతు నీళ్లు తీసి కొత్తవి పొయ్యుండ్రి, ఆ కొత్త నీళ్లల్ల యాంటీ క్లోరిన్, అంటే క్లోరిన్‌ను విరిచే చుక్కలు కలపాలె, లేకుంటే బకెట్‌ల పట్టి గాలి పంపు పెట్టి ఒక రోజు ఉంచాలె. అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనుండ్రి, చుక్కలేసి రంగు చూసేది, బొమ్మ ఓడ, బుడగలకు మూత లేచే పెట్టె అసొంటి సోకులకు పెట్టిన పైసలకన్నా దీనికి పెట్టిన పైసలు పనికొస్తయి. అన్నిటికన్నా మంచి ఉపాయం ఏందంటే, మీ ఎరుకల ఎవరింట్లనైనా ఏడాదిగా చేపలు మంచిగ తిరుగుతున్న ట్యాంకు ఉంటే వాళ్ల ఫిల్టరు స్పాంజిల నుంచి ఒక ముక్క అడిగి తెచ్చి, ఆరకముందే మీ ఫిల్టర్ల పెట్టుండ్రి, పాలల్ల తోడు వేసినట్టే, ఆరు వారాల పని చానా తొందరగ అయితది. వాళ్ల చేపలు మాత్రం రోగం లేనియి అయ్యుండాలె. స్పాంజి మరీ మూసుకపోతే ట్యాంకుల నుంచి తీసిన పాత నీళ్లల్ల ఊరికె పిండుండ్రి, గంతే.

ఇంకో మాట, ఆ మూడు రకాలు ఒక్క తాన ఉండేటియి కావు. గోల్డ్ ఫిష్‌కు చల్లటి నీళ్లు, 18 నుంచి 24 డిగ్రీలుంటే సుఖం, ఏంజెల్స్‌కు 25 నుంచి 28 కావాలె, పైగా గోల్డ్ ఫిష్ జానెడు పెరుగుతది, ఎంత తింటదో అంత గలీజు చేస్తది. మన వరంగల్ ఎండలకు గోల్డ్ ఫిష్ కష్టమే అని నా అభిప్రాయం, కానీ ఆ రంగు చూసి అందరూ ముందుగల దాన్నే కొంటరు. మిగిలినయి ఏవో రాయలేదు మీరు. టెస్టుల అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చి వారం నిలిచినంక, మిగిలిన వాటికి సరిపడే చేపలు రెండు మూడు తెచ్చి వెయ్యుండ్రి, మళ్ల పదిహేను రోజులాగి ఇంకో రెండు. బాబుకు రోజూ టెస్ట్ చుక్కలేసి రంగు రాసుకునే పని అప్పజెప్పుండ్రి, ఏడుపు మర్సిపోతడు.

ప్రశ్న: జమ్మికుంట దగ్గర మా ఊర్లె బోరు నీళ్లే దిక్కు. మీటర్ పెడితే టీడీఎస్, అంటే నీళ్లల్ల కరిగిన లవణాల లెక్క, 900 చూపిస్తుంది. ఆర్వో నీళ్లు పోస్తే చేపలు మంచిగుంటయా అన్నా?

జవాబు: ఉత్త ఆర్వో నీళ్లు వద్దు తమ్మీ. దాంట్ల లవణాలు ఏమీ ఉండయి, పీహెచ్, అంటే నీళ్ల ఆమ్లం, క్షారం కొలత, నిలకడగ ఉండదు, ఒక్కపారే పడిపోవచ్చు. నీళ్లను మార్చుడుకన్నా నీళ్లకు తగ్గ చేపను ఎంచుకునుడు సులువు. గప్పీ, మాలీ, ప్లాటీ ఇవి గట్టి నీళ్లల్లనే, అంటే లవణాలు ఎక్కువున్న నీళ్లల్లనే బలంగ ఉంటయి, పిల్లలు కూడా పెడతయి, మాలీకైతే ఉప్పు కలిసిన నీళ్లు కూడా నడుస్తయి. నియాన్ టెట్రా, డిస్కస్ మీద మనసైతే మాత్రం మెత్తటి నీళ్లు కావాలె, బోరు నీళ్లల్ల ఆర్వో కలిపి దించుకోవాలె, ప్రతిసారీ అదే లెక్కల కలపాలె, ఒకసారి సగం ఒకసారి పావు అంటే చేప తట్టుకోదు.

బోరు నీళ్లు తోడంగనే ట్యాంకుల పొయ్యకు. భూమిల నుంచి వచ్చిన నీళ్లల్ల ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటది, రాత్రంతా బకెట్‌ల ఎయిర్ స్టోన్ (గాలి పంపు పైపు కొసకు పెట్టే బుడగల రాయి) నడిపి తెల్లారి పొయ్యి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పోస్తే క్లోరిన్ సంగతి పైన చెప్పిన. ఇంకోటి, బోరు నీళ్లకు పీహెచ్ ఎక్కువుంటే అమ్మోనియా ఇంకా డేంజర్, పీహెచ్ 7 నుంచి 8కి పోతే దాంట్ల విషమయ్యే భాగం దాదాపు పది రెట్లు అయితది, అందుకని నీ ట్యాంకుల తక్కువ చేపలు, తక్కువ దాణా. అడుగున తెల్ల మార్బుల్ ముక్కలు, గవ్వలు వెయ్యకు, అవి కరిగి నీళ్లను ఇంకా గట్టిపరుస్తయి. రాయి మీద నిమ్మరసం పిండి చూడు, బుసబుస పొంగితే పక్కన పడెయ్. కరీంనగర్ గ్రానైట్ ముక్కలైతే ఏం కాదు, మానేరు ఇసుక కూడా మంచిగ కడిగి వెయ్యొచ్చు.

ప్రశ్న: మంచిర్యాలల ఎండలు ఎట్లుంటయో మీకెరుకే. మధ్యాహ్నం కరెంటు పోతే చాలు చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నయి. ఐస్ ముక్కలు వెయ్యొచ్చా సార్?

జవాబు: నీళ్లు వేడెక్కిన కొద్దీ ఆక్సిజన్ పట్టదు సార్. 25 డిగ్రీలప్పుడు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైన పట్టేది 35 డిగ్రీలకు 7కు పడిపోతది, అదే టైముకు చేపకేమో వేడికి ఆక్సిజన్ ఎక్కువ కావాలె. రెండు దిక్కుల నుంచి దెబ్బ. ఐస్ ముక్కలు డైరెక్టుగ వెయ్యకుండ్రి, ఒక్కపారే చల్లబడితే ఆ షాక్‌కే చేప నీరసపడి రోగం పట్టుకుంటది. చిన్న బాటిల్‌ల నీళ్లు గడ్డకట్టించి మూతతోని తేలనియ్యొచ్చు, కానీ దానికన్నా ట్యాంకు మూత తీసి జాలీ కప్పి, టేబుల్ ఫ్యాన్ గాలి నీళ్ల మీదికి తాకేటట్టు పెట్టుండ్రి, రెండు మూడు డిగ్రీలు దిగుతది, ఆవిరైన నీళ్లు మళ్ల పోసుకోవాలె. కూలర్ నడిచే రూమ్‌లనే ట్యాంకు ఉంటే ఇంకేం కావాలె. ఎయిర్ పంపు తినే కరెంటు చానా తక్కువ, ఇన్వర్టర్‌కు కలపుండ్రి, లేకుంటే బ్యాటరీతోని నడిచే పంపు దొరుకుతది. పంపును మాత్రం నీళ్ల మట్టానికి పైన పెట్టాలె, కింద పెడితే కరెంటు పోయినప్పుడు పైపుల నుంచి నీళ్లు ఎనుకకొచ్చి పంపులకెళ్లి స్విచ్ బోర్డు మీదికి కారుతయి. దాణా మధ్యాహ్నం వద్దు, పొద్దున చల్లటి టైముల వెయ్యుండ్రి.

ప్రశ్న: కాజీపేట నుంచి రాస్తున్న. నిరుడు కొన్న చేపలు మంచిగనే ఉండె. మొన్న నాలుగు కొత్త టెట్రాలు తెచ్చి కవర్ నీళ్లతోనే పోసిన, ఇప్పుడు అన్నిటి రెక్కల మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు, రాళ్లకు రుద్దుకుంటున్నయి.

జవాబు: ఇది ఇక్, తెల్ల చుక్కల రోగం, కొత్త చేపలతోనో కవర్ నీళ్లతోనో వచ్చింది. దీనికి మందుంది కానీ ఓపిక కావాలె, ఎందుకంటే చుక్కగ కనిపించేటప్పుడు ఆ పురుగు చేప చర్మం కింద ఉంటది, మందు దాన్ని తాకదు. అది రాలి అడుగున పడి, పిల్లలై నీళ్లల్ల ఈదేటప్పుడే మందుకు చస్తది. అందుకని చుక్కలు పోయినయని మూడో రోజే మందు ఆపితే మళ్ల వస్తది. నీళ్ల వేడి మెల్లమెల్లగ 30 దాకా పెంచితే ఆ చక్రం తొందరగ తిరుగుతది, గాలి ఎక్కువ నడపాలె. దొడ్డుప్పు లీటరుకు 2 గ్రాముల దాకా, ఒక్కసారే కాదు, రెండు రోజులల్ల మూడు నాలుగు సార్లుగ కరిగించి పొయ్యి. టెట్రాలు ఉప్పుకు నాజూకు, వాటిని కనిపెట్టుకొని ఉండు, కష్టపడుతున్నట్టు కనిపిస్తే అక్కడికి ఆపు. చుక్కలు మాయమైనంక కూడా ఇంకో వారం నడపాలె. మందు కొంటే సీసా మీదున్న డోసు దాటకు.

ఇంకోసారి కొత్తయి తెచ్చినప్పుడు కవర్‌ను పావుగంట ట్యాంకుల తేలనిచ్చి, గ్లాసుతోని కొంచెం కొంచెం ట్యాంకు నీళ్లు దాంట్ల పోస్తూ అరగంట అలవాటు చేసి, జాలీతోని చేపను మాత్రమే తియ్యి, ఆ నీళ్లు మోరీల పొయ్యి. చేతనైతే ముందు రెండు మూడు వారాలు వేరే టబ్బుల ఉంచి చూడు. షాపుల ఒక్క ట్యాంకుల ఒక్క చచ్చిన చేప కనిపించినా ఆ ట్యాంకు నుంచి ఏదీ కొనకు, ఎంత మంచిగ ఈదుతున్నా సరే.

ప్రశ్న: మాది ములుగు. గాజు శుభ్రం చేస్తదని తెచ్చిన సక్కర్ చేప అడుగు దాటింది, ట్యాంకుల పడతలేదు. లక్నవరంల వదిలేద్దామా?

జవాబు: వద్దే వద్దు. దక్షిణ అమెరికా చేప అది, మన చెరువులల్ల పడ్డదంటే పెరుగుతనే ఉంటది, జాలర్లు దాన్ని దెయ్యం చేప అని ఊరికె అనలే, గట్టి ముళ్లతోని వలలు చింపుతది. షాపుల వాపస్ ఇయ్యి, లేకుంటే పెద్ద ట్యాంకున్నోళ్లకు ఇయ్యి. గాజుకు నాచు పడుతుంటే ఎండ తగలకుండ ట్యాంకు జరిపి, లైటు ఏడెనిమిది గంటలకు మించి వెయ్యకు, సగం తగ్గుతది. మనీప్లాంట్ కొమ్మ వేర్లు నీళ్లల్ల మునిగేటట్టు పెడితే నైట్రేట్ కూడా లాక్కుంటది.

ప్రశ్న: ఈశాన్యంల పెడితే కలిసొస్తదంటరు. ఎన్ని చేపలు పెట్టాలె?

జవాబు: ఏ మూలైనా పెట్టుకో అన్నా, స్టాండ్ మట్టంగ ఉండి, రెండడుగుల ట్యాంకైతే నీళ్లు, గాజు, రాళ్లు కలిపి 70, 80 కిలోలు మొయ్యాలె, ట్యాంకు కింద థర్మాకోల్ షీట్ వెయ్యి. ఎన్ని చేపలంటే ఫిల్టరును అడుగు, అంటే టెస్టుల అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా నిలిచేటన్నే.

ప్రశ్న: పెండ్లికి ఆదిలాబాద్ పోతున్నం, వారం దాకా రాం. పక్కింటోళ్లకు దాణా డబ్బా ఇచ్చి పోవాల్నా?

జవాబు: ఎదిగిన చేప వారం తిండి లేకున్నా మంచిగనే ఉంటది, పక్కింటోళ్లు ప్రేమతోని పిడికెడు వేస్తేనే అవి చస్తయి. పోయే రెండు రోజుల ముందు నాలుగో వంతు నీళ్లు మార్చి, ఫిల్టరు నడుస్తుందో లేదో చూసుకొని పొండ్రి. మరీ మనసు ఒప్పకపోతే కాగితంల చిటికెడు చిటికెడు పొట్లాలు రెండు కట్టి, మధ్యల వెయ్యాల్సిన తారీకులు వాటి మీద రాసి ఇయ్యుండ్రి, డబ్బా మాత్రం బీర్వాల పెట్టి తాళం వెయ్యుండ్రి.