తుంగ పోవాలంటే ముందు పీకడం మానండి

"లాన్‌లో కలుపు ఎంత పీకినా పది రోజులకే మళ్ళీ వస్తోంది, ఏ మందు కొట్టాలి?" అని అడిగారు. అంత తొందరగా లేచేది చాలావరకు తుంగే. పూత కాడను వేళ్ళ మధ్య దొర్లించి చూడండి, మూడు పలకలుగా తగులుతుంది.

మా ఇంటికి అది మట్టితోనే వచ్చింది. లాన్ వేసినాయన పోయించిన ఎర్రమట్టిలోనే తుంగ గడ్డలున్నాయి. పైన పచ్చగా పరిచేసి డబ్బు తీసుకుంటారు, కింద ఏం పోశారో చూడరు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. నెల తిరక్కుండా లాన్‌లో పరిచిన గరిక మీద జానెడెత్తున తుంగ లేచింది. ఒక ఆదివారం ఎండెక్కేదాకా కూర్చుని గుప్పెళ్ళకొద్దీ పీకాను. మళ్ళీ ఆదివారానికి ఒకటి పీకిన చోట రెండు మూడు లేచాయి.

అమ్మ చూసి, "ఆకు పీకితే ఏం లాభంరా, గడ్డ లోపలే ఉందిగా" అంటూ తొలికతో ఒక మొక్క పక్కన జానెడు లోతు తవ్వింది. మట్టి విదిలిస్తే నల్లటి గడ్డ, దాన్నుంచి దారంలాంటి వేరు, దాని చివర ఇంకో గడ్డ, మళ్ళీ వేరు, మళ్ళీ గడ్డ. ఆ ఒక్క మొక్క కిందే ఏడు లెక్కపెట్టాను. గోటితో గిల్లితే లోపల తెల్లగా, ఘాటైన వాసన. పైన లాగితే ఆ దారం తెగుతుంది, కింద నిద్రపోతున్న గడ్డలు ఒక్కొక్కటే మొలకెత్తుతాయి.

అప్పట్నుంచి మొలక ఐదారు ఆకులు వేసేలోపే తవ్వి తీస్తున్నాను. ఆలస్యమైతే కొత్త గడ్డలు కడుతుంది. తీసినవి కంపోస్టులో వేయకండి, గలగలలాడేదాకా ఎండబెట్టండి. మొదటి ఏడాది వారం వారం తవ్వాను. రెండో ఏడాదికి నెలకు నాలుగైదు మొలకలకు దిగింది.

మందంటారా, గ్లైఫోసేట్ కొడితే గరిక కూడా చస్తుంది. 2,4-డి వెడల్పాకు కలుపుకి మంచిదే గానీ తుంగ గడ్డలు దానికి లొంగవు. తుంగకి హాలోసల్ఫ్యూరాన్ అనే కలుపు మందు ఉంది, లేబుల్ మీద మీ గడ్డి రకం ఉంటేనే వాడండి. ఉప్పు చల్లమనే వీడియోలు మాత్రం దయచేసి నమ్మకండి. ముందు మీ గడ్డి మాడిపోతుంది, మట్టి కూడా పాడవుతుంది.

లాన్‌ను నేలకంటా కోయించకండి. ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడో వంతు మించి తీయకూడదు. తుంగకి నీడ పడదు, గడ్డి గుబురుగా ఉన్నచోట అది చిక్కిపోతుంది. మా ప్రహరీ మూల గడ్డి పల్చగా ఉంది, ఇప్పటికీ మొలకలు కనిపించేది అక్కడే. ఈ వారం ఆ మూలే తవ్వుతున్నాను.