హైదరాబాద్‌లో మా యూనివర్సిటీ ఎగువ వాతావరణ పరిశోధనకు చిన్న ఉపగ్రహం చేయాలనుకుంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉపగ్రహం సంగతి తర్వాత, ముందు ఏం కొలవాలో తేల్చుకోండి. ఐఐటీ బాంబే విద్యార్థులు చేసిన ‘ప్రథమ్’ 2016లో కక్ష్యలోకి వెళ్లింది. దాని శాస్త్రీయ లక్ష్యం ఒక్కటే, అయనోస్ఫియర్‌లో, అంటే విద్యుదావేశ కణాలుండే ఎగువ వాతావరణ పొరలో, ఎలక్ట్రాన్ల లెక్క.

నన్నడిగితే మీకు లాంగ్‌మ్యూర్ ప్రోబ్ సరిపోతుంది. బయటికి పొడుచుకొచ్చిన చిన్న లోహపు కడ్డీకి వోల్టేజి మారుస్తూ ఇస్తారు. అందులో పారే కరెంటును బట్టి చుట్టూ ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉన్నాయో తెలుస్తుంది. కష్టమల్లా ఆ కరెంటు చాలా స్వల్పం కావడమే. సర్క్యూట్‌లో విద్యుత్ రొద (నాయిస్) ఉంటే అసలు సిగ్నల్ కనబడదు, కాబట్టి మొదటి ఏడాదంతా దీనిమీదే పెట్టినా తప్పులేదు.

మొదటిసారే సొంత క్యూబ్‌శాట్ (పెట్టె ఆకారపు బుల్లి ఉపగ్రహం) వద్దు. పీఎస్ఎల్వీ రాకెట్‌లో చివరిదైన నాలుగో దశను, దాని పని అయ్యాక, ఇస్రో ‘పోయెమ్’ పేరుతో ప్రయోగవేదికగా వాడుతోంది. అంతరిక్ష రంగంలో ఇస్రోయేతర సంస్థలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ ద్వారా దరఖాస్తు చేసి, పరికరం ఒక్కటే అందులో పంపవచ్చు.

ఈలోగా డిపార్ట్‌మెంట్ డాబా మీద ఉపగ్రహ సిగ్నళ్లు అందుకునే గ్రౌండ్ స్టేషన్ పెట్టండి. స్టీల్ కొలత టేపు ముక్కలతో చేసిన యాగి యాంటెన్నాతో కూడా ఎగిరే ఉపగ్రహాల సిగ్నల్ వినొచ్చు. ఒక్కో పాస్, అంటే ఉపగ్రహం మన ఆకాశంలో కనబడే సమయం, మహా అయితే పది పదిహేను నిమిషాలే. ఫైనలియర్ వాళ్లనే తీసుకోకండి, వాళ్లు వెళ్లిపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది. సెకండియర్ పిల్లల్ని ఇప్పుడే చేర్చుకోండి.