720720ని విప్పే పద్ధతి

చి. చిన్నికి, తాతయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో పంపిన లెక్క చూశాను. 7,20,720కి ఎన్ని కారణాంకాలో కనుక్కోవడానికి 1 నుంచి వరసగా భాగిస్తూ రెండు పేజీలు నింపావు. నీ ఓపికకి ముచ్చటేసింది. కానీ తల్లీ, పెద్ద సంఖ్య కనబడగానే భాగహారానికి దిగకు. ముందు దాని అంకెలకేసి కాసేపు చూడు.

కామాలు తీసేసి రాయి: 720720. 720 పక్కన మళ్ళీ 720! మన లక్షల కామా ఆ జంటని విడగొట్టి దాచేసింది. 720 వేలకి ఇంకో 720 కలిపితే వచ్చేది 720 × 1001. ఈ 1001ని కంఠతా పట్టు, అది 7 × 11 × 13. ఏ మూడంకెల సంఖ్యనైనా పక్కపక్కన రెండుసార్లు రాస్తే ఈ మూడూ నిశ్శేషంగా భాగిస్తాయి. బడిలో 358358 ఇచ్చి 7తో భాగించమనేవాణ్ణి. 51194 వచ్చి శేషం మిగలకపోతే పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. ఎన్నేళ్ళు చెప్పినా ఆ సంతోషం నాకు పాతబడలేదు.

ఇక 720 సంగతి నీకు తెలిసిందే, 2⁴ × 3² × 5. మొత్తం కలిపితే 2⁴ × 3² × 5 × 7 × 11 × 13. ఇక్కడిదాకా వస్తే భాగహారంతో పనే లేదు. కారణాంకం తయారుచేయాలంటే 2ని అసలు వాడకపోవచ్చు, నాలుగుసార్ల దాకా వాడొచ్చు, అంటే ఐదు దారులు. 3కి మూడు, మిగతా నాలుగింటికీ రెండేసి. 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. నీకు 236 వచ్చాయి, ఎక్కడో నాలుగు జారిపోయాయి. దానికి దిగులుపడకు. తనకన్నా చిన్న సంఖ్యలన్నిటికంటే ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యల మీద రామానుజన్ గారు 1915లో పెద్ద వ్యాసం ప్రచురించారు. మన 720720 ఆ జాతిదే. ఆయన వేసిన పట్టికలోనూ 293318625600 ఒకటి తప్పిపోయింది.

నాకు అసలు బాధ కలిగించింది నీ చివరి వాక్యం, '720721 ప్రధాన సంఖ్య' అన్నది. 1 నుంచి 16 దాకా అన్నీ భాగించే సంఖ్యల్లో అతి చిన్నది 720720. కాబట్టి దాని పక్కదాన్ని 2 నుంచి 16లో దేనితో భాగించినా 1 మిగులుతుంది, నిజమే. కానీ 16 దగ్గర ఆగితే ఎలా? వర్గమూలం దాకా వెళ్ళాలి, అది 849కి కాస్త తక్కువ. 17, 19, 23 అని ప్రధాన సంఖ్యలతోనే భాగిస్తూ పో. 67 దగ్గర శేషం 2 వస్తుంది. విసుగొచ్చి చాలామంది అక్కడే కలం పెట్టేస్తారు. ఆ తర్వాతది 71. పదివేల సార్లు తీస్తే 710000, మిగిలింది 10721, అందులో సరిగ్గా 151 సార్లు. అంటే 71 × 10151.

ఆదివారం వచ్చేలోగా 720719 సంగతి చూసి ఉంచు. దానికి 71 దాకా వెళ్ళక్కర్లేదు.

మీ తాతయ్య