హార్మోన్ల మీదికి నెట్టెయ్యకు

చిన్నా,

"మాట్లాడినా తప్పే, మాట్లాడకపోయినా తప్పే పెద్దమ్మా" అని రాశావు. నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. మీ ఆవిడకి మూడో నెల కదా, చిరాకు అలాగే ఉంటుంది. మొదటి 12 వారాల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు అమాంతం పెరుగుతాయి. పైగా వేవిళ్లు, నిద్రమత్తు, బిడ్డ నిలుస్తుందా లేదా అన్న బెంగ. నాలుగో నెల దాటాక చాలామందికి తేలికవుతుంది. చివరి నెలల్లో నడుంనొప్పి, నిద్రలేమితో మళ్లీ చిరాకు మొదలవుతుంది.

ఇవన్నీ తెలుసుకో. తన ముందు మాత్రం "అదంతా హార్మోన్లలే" అనకు. ఆ ఒక్క మాటతో తను చెప్పిందంతా కొట్టిపారేసినట్టవుతుంది. కోపాన్ని హార్మోన్లు పెంచాయేమో గానీ, స్కానింగుకు రానన్నది నువ్వే కదా! గొంతు ఎంత లేచిందని చూడకు, దేనికి లేచిందో చూడు.

"ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను" అనడం కూడా మానెయ్. ఏ పని మిగిలిందో గుర్తుపెట్టుకునే బరువు అప్పుడూ తనదే అవుతుంది. పోపు వాసన పడటం లేదంటే వంట నీదే, అంతే. డబ్బు లెక్కలు, కాన్పుకి ఎవరు తోడుండాలన్న చర్చలు పడుకునే ముందు ఎత్తకు.

పెద్దమ్మ ఇదేమిటి రాస్తోందనుకోకు: తను దూరం జరిగితే ప్రేమ తగ్గిందని కాదు, ఒళ్లు సహకరించక. డాక్టరు వద్దనకపోతే కలయిక వల్ల బిడ్డకు హాని లేదు. కానీ తనకి మనసు లేనప్పుడు ఆ ఊసు తేకు.

ఒక్క విషయంలో మాత్రం ఓపిక పట్టొద్దు. దిగులు రోజంతా ఉంటూ రెండు వారాలు దాటినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరుకు చెప్పండి. గర్భిణుల్లో దాదాపు పదిమందిలో ఒకరికి డిప్రెషన్ లాంటి ఇబ్బంది వస్తుంది, దానికి వైద్యం ఉంది. రక్తహీనత, థైరాయిడ్ తేడా ఉన్నా నీరసం, చిరాకు ఉంటాయి, కాబట్టి పరీక్షలు చేయించండి. ఇప్పటికే మందులేవైనా వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. "బతకాలని లేదు" అన్న మాట నోట వస్తే తెల్లారేదాకా ఆగకు, ఒంటరిగా వదలకు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

నీకూ భయమేస్తోందని నీ ఉత్తరంలో రెండుచోట్ల కనిపించింది. అది నాకు కాదు, తనకి చెప్పు. ఓదార్చమని అడగకు, ఊరికే చెప్పు.

మీ పెద్దమ్మ