కార్డు మీరే బిగించుకున్నా హక్కు మీదే

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లి వీడియోల ఎడిటింగే నా జీవనాధారం. రెండు వారాల క్రితం సికింద్రాబాద్‌లో ఒక షాపులో 32 వేలు పెట్టి గ్రాఫిక్స్ కార్డు కొని, నేనే సిస్టమ్‌లో బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’ అని వస్తోంది. షాపువాళ్లను అడిగితే, ‘సీల్ తీసి మీరే బిగించుకున్నారు, మాకు సంబంధం లేదు’ అంటున్నారు. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది. ఏం చేయాలి?

జవాబు: టెన్షన్ పడకండి. గ్రాఫిక్స్ కార్డును విడిగా అమ్మేదే కొన్నవాళ్లు బిగించుకోవడానికి. మీ వారంటీ కాగితం ఒకసారి పూర్తిగా చదవండి. సొంతంగా బిగిస్తే వారంటీ వర్తించదని అందులో లేకపోతే, అమ్మకం అయ్యాక షాపతను నోటిమాటగా పెట్టే షరతు చెల్లదు.

అయితే షాపుకు నోటీసు పంపడం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. కేసు వేస్తే అవతలి లాయరు మొదట అడిగేది, ‘లోపం కార్డులోనే ఉందని రుజువేంటి?’ అనే. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా కార్డుకే పెట్టారా? కార్డు పక్కన 6 పిన్నులదో 8 పిన్నులదో పవర్ సాకెట్ ఉంటే, అందులో కేబుల్ గట్టిగా కూర్చుందా? కార్డుకు కావాల్సిన వాట్లు మీ పవర్ సప్లై ఇవ్వగలదా? ఇవన్నీ సరిగ్గా ఉంటే, కార్డును ఇంకో సిస్టమ్‌లో పెట్టించి చూడండి. అక్కడా డిస్‌ప్లే రాకపోతే, కార్డు సీరియల్ నంబరు, తేదీ, సంతకంతో టెక్నీషియన్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. స్లాట్‌లో దిగే బంగారు రంగు అంచు దగ్గర గీతలు, కాలిన మరకలు లేవని కనిపించేలా ఫొటోలు తీయండి. కార్డు స్క్రూలు మాత్రం విప్పకండి.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని, బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు మీద అచ్చేసిన ఆ వాక్యం లోపమున్న సరుకుకు అడ్డు రాదు. ఎడిటింగ్ వ్యాపారం కాబట్టి మీరు వినియోగదారుడే కాదని షాపువాళ్లు వాదించవచ్చు. కానీ స్వయం ఉపాధితో బతుకు తెరువు కోసం కొన్నవాళ్లను చట్టం వినియోగదారులుగానే చూస్తుంది.

షాపుకూ కంపెనీకీ కలిపి 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పండి, చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయండి. దీనికి సికింద్రాబాద్ తిరగనక్కర్లేదు. మీరు నివసించే గుంటూరులోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. లోపం ఉందా లేదా అన్న వివాదం తెగకపోతే కమిషన్ కార్డును ల్యాబ్‌కు పంపించగలదు, ఆ ఖర్చు ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేలాలని చట్టం చెప్తుంది కానీ, ఆచరణలో ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే హెల్ప్‌లైన్ దశలో కొత్త కార్డు ఇస్తామంటే తీసుకోమనే నా సలహా.

ఈలోగా షాపుకు గానీ సర్వీస్ సెంటర్‌కు గానీ కార్డు ఇవ్వాల్సి వస్తే, సీరియల్ నంబరు, కార్డు ఇప్పుడున్న స్థితి రాసిన జాబ్ షీట్ చేతికి రానిదే వదలకండి. ‘ఫిజికల్ డ్యామేజ్’ అనే మాట ఎక్కువగా కార్డు వాళ్ల చేతికి వెళ్లాకే పుడుతుంది.